పెళ్లిళ్ల సీజన్ రాగానే జబ్బు తిరగబెడుతోంది.. ఎందుకు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా తమ్ముడికి 31 ఏళ్లు. పెళ్లిళ్లకు లైటింగ్, సౌండ్ పెడుతుంటాడు. బైపోలార్ (కొన్నాళ్లు హద్దుమీరిన హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు) అని ఏడేళ్ల కిందట చెప్పారు. లిథియం 300 మి.గ్రా. మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి రెండు ఇచ్చారు. నెమ్మదించగానే మానేస్తాడు. మొన్న మాఘంలో దిగులుగా ఉంటే పాతపట్నంలో చూపించాం. పాత జబ్బు సంగతి అక్కడ చెప్పలేదు. ఆ మందులు మొదలెట్టిన మూడు వారాలకు నిద్ర మానేశాడు, అప్పు చేసి కొత్త స్పీకర్లు కొన్నాడు. ఈమధ్యే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడు. దిష్టి తగిలిందంటున్నారు. మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి?

జవాబు: దిష్టి కాదమ్మా. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే మూడు కారణాలున్నాయి: లిథియం మానెయ్యడం, కుంగుబాటు మందు ఒక్కటే వాడటం, రాత్రుళ్లు మేలుకోవడం.

లిథియం జ్వరం మాత్ర లాంటిది కాదు. బాగున్నప్పుడు వేసుకుంటేనే మళ్లీ రాకుండా కాపు కాస్తుంది. హఠాత్తుగా ఆపితే, ఆ తర్వాతి కొద్ది నెలల్లోనే మేనియా, అంటే ఆ హద్దుమీరిన హుషారు దశ, తిరగబెట్టే ముప్పు చాలా ఎక్కువ. నిజంగా ఆపాల్సి వస్తే డాక్టరు కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలల పాటు మెల్లగా తగ్గిస్తారు. అతను ఎందుకు మానేస్తున్నాడో కోప్పడకుండా అడగండి. చేతులు వణకడం, ఊరికే దాహం వెయ్యడం, బరువు పెరగడం లాంటివి ఉంటే డోసు మార్చి సరిచెయ్యొచ్చు. ఒకపూట మర్చిపోతే తర్వాతి పూట రెట్టింపు వెయ్యకూడదు.

పాతపట్నంలో ఇచ్చింది కుంగుబాటు మందే అయితే, బైపోలార్ ఉన్నవాళ్లకు దాన్ని విడిగా ఇవ్వడం ప్రమాదం. దిగులు నుంచి నేరుగా మేనియాలోకి ఎత్తెయ్యగలదు. ఆ డాక్టరుకు పాత సంగతి తెలియదు కదా! ఇకపై పంటినొప్పికి వెళ్లినా సరే, ‘బైపోలార్, లిథియం వాడుతున్నాడు’ అని రాసిన చీటీ జేబులో ఉండాలి. ఆయాసానికి, ఎలర్జీకి ఇచ్చే స్టెరాయిడ్లు కూడా మేనియాను రేపగలవు.

ఇక నిద్ర. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం.. మీ తమ్ముడు తెల్లవార్లూ మేలుకునే నెలలే ఇవి. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కి జాగారం చెయ్యడం కూడా అతనికి వద్దు. పగటిపూట లైట్లు బిగించే పని తాను చేసి, రాత్రి ఆపరేటింగ్ ఇంకొకరికి అప్పగించే ఏర్పాటు చేసుకోవాలి. ఒక నోటుబుక్కులో రోజూ ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఎలా ఉన్నాడు అన్న మూడు సంగతులే రాయండి. పనివల్ల నాలుగు గంటలే పడుకున్నవాడు మర్నాడు తూలుతుంటాడు. అదే నాలుగు గంటలు పడుకుని అలసటే లేకుండా హుషారుగా తిరుగుతూ, గడగడా మాట్లాడుతుంటే అది జబ్బు గుర్తు. వరసగా రెండు రాత్రులు అలా గడిస్తే ఆరోజే డాక్టరుకు ఫోన్ చెయ్యండి. వారం ఆగితే మాత్రతో సర్దుకునేది ఆస్పత్రి దాకా వెళ్తుంది.

మద్యం, ముఖ్యంగా గంజాయి అసలు పనికిరావు. మీ కొండప్రాంతంలో గంజాయి తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి తోటి పనివాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

రక్తంలో లిథియం ఎంతుందో చూడాలి. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ ఉంటే చాలు, కొందరికి 1.0 దాకా కావాలి. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే మర్నాడు ఉదయం 9కి, అంటే 12 గంటల తర్వాత, రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర వెయ్యాలి. మాత్ర మింగి వెళ్తే లెక్క తప్పు వస్తుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి చేయించండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి కావాలి.

డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు రక్తంలో లిథియంను పెంచేస్తాయి. ఒళ్లునొప్పికి పారాసెటమాల్ వాడండి. ఎండాకాలం నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. మలేరియా జ్వరంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లిథియం ఆపి అదేరోజు డాక్టరుకు చూపించండి. నడక తూలి, మాట ముద్దగా వచ్చి, చేతులు బాగా వణుకుతుంటే లిథియం విషంగా మారిందని అర్థం. రాత్రయినా సరే, వెంటనే తీసుకెళ్లండి.

మీకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల అందుబాటులో ఉంటాయి. ఎక్కడైనా ఒకచోటే చూపించండి. ‘బతకాలని లేదు’ అని ఒక్కసారన్నా ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంట్లో రోజూ దెప్పిపొడుపులు, అరుపులు ఉన్నచోట ఈ జబ్బు త్వరగా తిరగబెడుతుంది. స్పీకర్ల అప్పు గురించి అమ్మానాన్నలను ప్రస్తుతానికి ఎత్తవద్దనండి. నెమ్మదిగా ఉన్న ఒకరోజు మీరే అతనితో కూర్చుని ఒప్పందం రాసుకోండి: రెండు రాత్రులు నిద్ర తగ్గితే ఏటీఎం కార్డు, బండి తాళాలు మీ చేతికివ్వాలి. షరతులు అతని మాటల్లోనే రాయించి, సంతకం పెట్టించి, ఒక నకలు డాక్టరు దగ్గర ఫైల్లో ఉంచండి.