పిల్లోడికి నిజమే చెప్పండక్కా

అక్కా, మీ మరిది చనిపోయి నెలైనా ఐదేళ్ల పిల్లోడికి "నాయన కువైట్ పోయినాడు" అనే చెప్తున్నామని, వాడు రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడని రాసినారు. ఆ మాట ఇంక వద్దక్కా. మన కడపలో కువైట్ పోయినోళ్లు ఫోన్ చేస్తారు, సెలవుకు పెట్టెలతో వస్తారు. వాడూ ఆ ఫోన్ కోసమే కాచుకోనుంటాడు.

మీ తోడికోడలే పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాల: "నాయన చనిపోయినాడు. ఇంక రాడు. నీ తప్పేం లేదు." "నిద్రపోయినాడు" అని మాత్రం అనొద్దు, పడుకోవాలంటేనే భయపడతాడు. ఆ వయసులో చావంటే ఇంక రాకపోవడమని ఒకసారికి ఎక్కదు. పదిసార్లు అడిగినా అదే మాట చెప్పండి. కాసేపు ఏడ్చి, అంతలోనే ఆటకు పోతాడు. బాధ లేదనుకోవద్దు, పిల్లల దుఃఖం అట్లే వచ్చి పోతాంటుంది.

మా అన్న పోయినప్పుడు వాళ్ల పాప నాయన చొక్కా దిండు కింద పెట్టుకునేది. చానా దినాలు మేం దాన్ని ఉతకలేదు.

పక్క తడిపితే తిట్టొద్దు. బడి మాన్పించొద్దు, టీచరమ్మకు విషయం చెప్పి పంపండి. నెలలు గడిచినా తినక, ఆడక ముడుచుకొనే ఉంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు.