ఆ సున్నా సంగతి చూడు

అమ్మలూ,

మీ తెలుగు సంఘం ఉగాది సంచికకి మిషిగన్ యూనివర్సిటీ 1901 ఫుట్‌బాల్ జట్టు గురించి రాస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పాతికేళ్లు లైబ్రరీలో పాత పేపర్ల మైక్రోఫిల్ములు తిప్పినవాణ్ని, చెప్పకుండా ఉండలేను.

మనవాళ్లకి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే. ఇది చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటని మొదటి పేరాలోనే చెప్పెయ్.

తర్వాత ఆ ఏటి రూల్స్ ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకో. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలివాళ్ల గీత దాటించినందుకు, 5 పాయింట్లే. ఫీల్డ్ గోల్‌కీ, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నినందుకు, 5. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకెళ్లాలి. బంతిని ముందుకి విసరడం 1906 దాకా లేనే లేదు. నేనొకసారి స్టాన్‌ఫర్డ్ మీద మిషిగన్ ఆటగాడు నీల్ స్నో చేసిన ఐదు టచ్‌డౌన్లకి ఇప్పటి లెక్కలో 30 పాయింట్లని ఒక చిన్న పత్రికలో రాసేశా. ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు పోస్టుకార్డు పంపారు, దాని మీద ఒక్క అంకె: 25. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయర్లో ఉంది.

11 మ్యాచ్‌లు, 550–0: వీళ్లు కొట్టింది 550, అవతలి జట్లన్నీ కలిపి సున్నా. అందరూ 550 దగ్గరే ఆగిపోతారు. బఫలో మీద 128 కొట్టారంటే చదివేవాళ్లు నోరు తెరుస్తారులే. నన్నడిగితే ఆ సున్నాయే అసలు కథ. ఆల్బియన్ లాంటి చిన్న కాలేజీకి సున్నా పెట్టడం వేరు, షికాగోకీ ఒహాయో స్టేట్‌కీ పెట్టడం వేరు. ఒహాయో స్టేట్ మీద 21 పాయింట్లే వచ్చాయి, ఆ సీజన్లో అన్నిటికన్నా తక్కువ. నేనైతే 128 కన్నా దాని గురించే ఎక్కువ రాస్తాను. స్కోర్లన్నీ నువ్వే ఒకసారి కూడి చూసుకో, 550 రావాలి.

కోచ్ ఫీల్డింగ్ యోస్ట్‌కి మిషిగన్‌లో అదే మొదటి ఏడు. అంతకుముందు ఏడాది ఆయన స్టాన్‌ఫర్డ్ కోచ్! సీజన్ చివరి మ్యాచ్‌లో, కాలిఫోర్నియాలోని పాసడీనాలో, ఎదురుపడింది తన పాత జట్టే. ఈ ముక్క ఎక్కడో చివర్లో పడెయ్యకు.

ఆ మ్యాచ్ జరిగింది 1902 జనవరి 1న, కానీ 1901 సీజన్ లెక్కలోకే వస్తుంది. దాన్ని మొదటి రోజ్ బౌల్ మ్యాచ్ అంటారు గానీ, రోజ్ బౌల్ స్టేడియంలో ఆడారని మాత్రం రాయకు, అది 1922లో కట్టారు. వీళ్లు ఆడింది టోర్నమెంట్ పార్క్‌లో. 49–0 దగ్గర, ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే, ఇక చాలన్నారు స్టాన్‌ఫర్డ్‌వాళ్లు. ఆ పేరా రాసేటప్పుడు వాళ్లని ఎగతాళి చెయ్యకు. కాలిఫోర్నియా పేపర్లు ఏం రాశాయో కూడా తిరగెయ్యి.

మీ ఊళ్లోనే మిషిగన్ యూనివర్సిటీవాళ్ల బెంట్లీ లైబ్రరీ ఉంది, ఆ జట్టు రికార్డులు అక్కడే దొరుకుతాయి. పెన్ను లోపలికి పట్టుకెళ్లనివ్వరేమో, రెండు పెన్సిళ్లు సంచిలో వేసుకో.

మీ బాబాయ్