సమాధానం: 3,4,9 కాదు, 2,7,8-ట్రైమిథైల్ డెకేన్ ఎందుకు?

తిరుపతిలో మీరు రాసిన నమూనా పరీక్షలో ఒక కార్బన్ సమ్మేళనం పేరు రాయమన్న ప్రశ్నకు మీరిచ్చిన 3,4,9-ట్రైమిథైల్ డెకేన్ అన్న జవాబును కొట్టివేయడానికి కారణం, మీరు శాఖల (ప్రధాన గొలుసుకు పక్కన అతికిన మిథైల్ వంటి గుంపుల) స్థాన సంఖ్యలను కూడి, తక్కువ మొత్తం వచ్చిన వైపును ఎంచుకోవడమే. 3, 4, 9 కలిపితే 16, 2, 7, 8 కలిపితే 17 వస్తాయి. కానీ రసాయనాల పేర్లకు నియమాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ నియమంలో కూడికకు చోటే లేదు.

1. పది కార్బన్ల ప్రధాన శృంఖలాన్ని (గొలుసును) మీరు సరిగానే గుర్తించారు.

2. రెండు కొనల నుంచీ సంఖ్యలు వేసి, వచ్చిన రెండు వరుసలను ఆరోహణ క్రమంలో ఒకదాని కింద ఒకటి రాయండి.

3. ఎడమ నుంచి ఒక్కొక్క సంఖ్యనే పోలుస్తూ, మొదటి తేడా కనిపించిన చోట ఆగండి. ఇక్కడ తొలి సంఖ్యలే 2, 3 కనుక, తరువాతి 7, 8 ఎంత పెద్దవైనా 2 ఉన్న వరుసే నిలుస్తుంది.

చిత్తూరులో నేను పాఠం చెప్పే ఇంటర్ విద్యార్థులలో ఎక్కువమంది వదిలేసేది ఈ మూడో దశనే. శాఖలు రెండే ఉన్నప్పుడు కూడినా, వరుసగా పోల్చినా ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది కాబట్టి కూడిక సరైన పద్ధతే అన్న నమ్మకం బలపడిపోతుంది. మూడు లేదా అంతకన్నా ఎక్కువ శాఖలు ఉన్న అణువుల్లోనే అది దెబ్బతీస్తుంది. దయచేసి ఆ అలవాటును పూర్తిగా మానుకోండి.

4. రెండు వరుసలూ అచ్చంగా ఒకటే అయితేనే శాఖల పేర్ల ఇంగ్లీషు అక్షర క్రమాన్ని చూడాలి: 3-ఇథైల్-5-మిథైల్ హెప్టేన్‌లో చిన్న సంఖ్య ఇథైల్‌కు దక్కింది అందుకే. శాఖలు రెండు, మూడు అని చెప్పే డై, ట్రై అన్నవి ఆ క్రమంలో లెక్కకు రావు.