సోఫీ నచ్చింది సరే, ఫిలాసఫీ చదవాలా?

ప్రశ్న: పన్నెండో తరగతి చదువుతున్నాను. సెలవుల్లో 'సోఫీస్ వరల్డ్' నవల చదివాక డిగ్రీలో ఫిలాసఫీ తీసుకోవాలనిపిస్తోంది. ఆ నవల గురించి చదివినవాళ్లు ఏమన్నారో చూస్తే, కొందరు తమ జీవితాన్నే మార్చేసిందన్నారు. ఇంకొందరు అది నవలే కాదు, కథ పూత పూసిన టెక్స్ట్‌బుక్ అన్నారు. ఎవరిని నమ్మాలి? నాన్న మాత్రం 'దాంతో ఉద్యోగమేం వస్తుంది?' అంటున్నారు.

జవాబు: ఇద్దరినీ నమ్మొచ్చు. 1991లో ఆ నవల రాసిన నార్వే రచయిత యోస్టైన్ గార్డర్ అంతకుముందు హైస్కూల్లో ఫిలాసఫీ చెప్పిన మాస్టారు. ఆ గొంతు పుస్తకమంతా వినిపిస్తుంది. పద్నాలుగేళ్ల సోఫీ స్కూలు నుంచి వచ్చి పోస్టు డబ్బా తెరిస్తే, 'నువ్వెవరు?' అని మాత్రమే రాసిన కాగితం. అక్కడ పుస్తకం మూసేసేవాళ్లు ఉండరు. ఆ తర్వాత పాఠాలు మొదలవుతాయి. సోఫీకి ఫిలాసఫీ చెప్పే మాస్టారు ఆల్బర్టో పేజీలకు పేజీలు చెబుతుంటే సోఫీ చాలాచోట్ల ఊ కొడుతూ ఉంటుంది. విసుగొచ్చినవాళ్ల ఫిర్యాదు ఇదే, అందులో న్యాయముంది. (నేనూ మొదటిసారి జర్మన్ తత్వవేత్త హెగెల్ అధ్యాయం దాటేసి, హిల్డె అనే అమ్మాయి పేరున వచ్చే పోస్టుకార్డుల మిస్టరీ ఏమైందా అని ముందుకు దూకినవాడినే.) భారతీయ, చైనా తత్వచింతన పేరుకే తగులుతుందన్నదీ నిజమే. మెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా చెప్పేది కథ మధ్యలో వచ్చే మలుపు గురించి. చదవనివాళ్ల కోసం అదేమిటో ఇక్కడ విప్పను. తత్వవేత్త బర్క్‌లీ ఆలోచనను పాఠంలా చెప్పి వదలకుండా పాత్రల మీదికే తెచ్చిపెట్టడం మాత్రం గట్టి పనితనం.

అయితే ఈ అభిప్రాయాలన్నీ నవల గురించినవి. మీరు తీసుకోబోయే నిర్ణయం కోర్సు గురించి. నవల నచ్చడం వేరు, ఆ సబ్జెక్టు మూడేళ్లు చదవడం వేరు. కాబట్టి వాళ్ల మాటలు పక్కనపెట్టి, మీరు ఆ పుస్తకాన్ని ఎలా చదివారో గుర్తు చేసుకోండి.

ఉదాహరణకి ప్రాచీన గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్ అధ్యాయం. పరమాణువులు లెగో ముక్కల్లాంటివంటాడు రచయిత. విడదీసి మళ్లీ ఇంకో బొమ్మ కట్టొచ్చు, ముక్కలు మాత్రం అవే. చక్కటి పోలిక. కానీ లెగో బొమ్మ కట్టాలంటే ఒక పిల్లో పిల్లాడో కూర్చోవాలి కదా? డెమోక్రిటస్ ప్రపంచంలో కట్టేవాడెవడూ లేడు. పరమాణువులు వాటంతటవే తగులుకుంటాయి, కొన్నింటికి కొక్కేలు కూడా ఉంటాయట. అంటే పోలిక సరిగ్గా ముఖ్యమైన చోటే తెగిపోయింది. చదువుతున్నప్పుడు మీకిక్కడ ఏదో గుచ్చుకుని, పేజీ వెనక్కి తిప్పారా? అయితే ఈ సబ్జెక్టు మీకు పనికొస్తుంది. 'అబ్బ, ఎంత బాగా చెప్పాడో' అనుకుని సాగిపోయారా? తప్పేమీ లేదు. మీకు నచ్చింది బహుశా కథ, లేదా చరిత్ర. అప్పుడు సాహిత్యం, చరిత్ర కోర్సులు కూడా చూడండి.

ఇంకో పరీక్ష కాస్త కఠినం. నవల పక్కనపెట్టి అసలు రచన ఒకటి పట్టుకోండి. ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ 1641లో ప్రచురించిన 'మెడిటేషన్స్' చిన్న పుస్తకమే, అందులో ఉన్నవి ఆరు భాగాలు. మొదటి రెండూ చాలు. ఇక్కడ ఆల్బర్టో ఉండడు, నవల్లోలా టోపీలోంచి తీసిన కుందేలు ఉండదు. చదివాక పుస్తకం మూసి, ఆయన వాదమేమిటో ఒక పేజీలో మీ మాటల్లో రాయండి. మర్నాడు అది ఎక్కడ నిలవదో ఇంకో పేజీ రాయండి. ఫిలాసఫీ క్లాసులో ప్రతివారం జరిగేది దాదాపు ఇదే. ఇరవై పేజీలకు ఒక సాయంత్రమంతా పడుతుంది. దీనికి తోడు లాజిక్ పేపరుంటుంది, అది చూడ్డానికి లెక్కల్లాగే ఉంటుంది. నవల చదివి ఉత్సాహంగా చేరినవాళ్లు మొదటి సెమిస్టర్లో బెంబేలెత్తేది తరచూ అక్కడే.

ఇక నాన్నగారి మాట. దాన్ని కొట్టిపారేయకండి. ఫిలాసఫీ డిగ్రీ ఒక్కటే చేతికిచ్చి ఫలానా ఉద్యోగం అని ఎవరూ పిలవరు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలంటే సాధారణంగా పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, అక్కడా పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఇది ముందే తెలిసి వెళ్లడం మంచిది.

నా అభిప్రాయం అడిగితే, జోడీ సబ్జెక్టు లేకుండా తీసుకోవద్దంటాను. లా వైపు వెళ్లేవాళ్లకు వాదాన్ని విడదీసి చూసే అలవాటు నేరుగా పనికొస్తుంది. ఎకనామిక్స్, పాలిటిక్స్‌తో కలిపి ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని వందేళ్లుగా చెబుతున్నారు. కంప్యూటర్ సైన్స్‌తో జోడీ అంటే చాలామంది నవ్వుతారు కానీ, అమెరికన్ ఇంజనీరు క్లాడ్ షానన్ సంగతి వాళ్లకు చెప్పండి. మిషిగన్ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు ఆయన ఒక ఫిలాసఫీ కోర్సులో బూల్ లాజిక్ (నిజం, అబద్ధం అన్న రెండు విలువలతోనే చేసే లెక్క) నేర్చుకున్నారు. 1937లో తన మాస్టర్స్ థీసిస్‌లో దాన్నే స్విచ్చులు, రిలేలకు (కరెంటుతో పనిచేసే స్విచ్చులకు) అన్వయించారు. డిజిటల్ సర్క్యూట్ల డిజైన్‌కు పునాది అదే. అందరూ షానన్లు కారులెండి. కానీ 'ఫిలాసఫీ దేనికీ పనికిరాదు' అన్న వాదనకు అదొక సూటి జవాబు.

నాన్నగారితో 'ఫిలాసఫీ చదవనిస్తారా?' అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. మీరు చూస్తున్న రెండు మూడు కాలేజీల సిలబస్ ప్రింట్ తీయండి. ఏ సబ్జెక్టుతో కలిపి ఇస్తున్నారో, రెండో ఏడాదిలో మార్చుకునే వీలుందో లేదో, పోయిన ఏడాది బయటికొచ్చినవాళ్లు ఏం చేస్తున్నారో కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ కాగితాల పక్కన మీరు డెకార్ట్ మీద రాసిన రెండు పేజీలూ పెట్టండి. రెండో పేజీ నాన్నగారినే ముందు చదవమనండి.