కత్తి కొనబోతున్న మేనల్లుడికి

హైదరాబాదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొనదలచిన వంట కత్తి గురించి రాసిన ఉత్తరం అందింది. ఒకరు తమ కత్తిని ‘కస్టమ్’ అంటున్నారనీ, ఇంకొకరు ఇంచుమించు అదే ధరకు ‘సెమీ ప్రొడక్షన్’ కత్తి చూపిస్తున్నారనీ, పేరున్న కంపెనీ కత్తి మాత్రం అందులో నాలుగో వంతుకే వస్తోందనీ, ఈ మూడింటికీ తేడా ఏమిటో చెప్పమనీ అడిగావు. బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో ముప్పై ఏళ్లకు పైగా డైలు (లోహాన్ని కోసే, ఒత్తే అచ్చులు) చేస్తూ, ఉక్కును కాల్చి చల్లార్చుతూ బతికినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను. యంత్రంతో చేశారా, చేత్తో చేశారా అని అడిగితే నీకు సరైన జవాబు దొరకదు, ఎందుకంటే మూడు రకాల్లోనూ యంత్రమూ ఉంటుంది, చెయ్యీ ఉంటుంది. ఆ కత్తి ఎలా ఉండాలో ఎవరు నిర్ణయించారు, ఏ పని ఎక్కడ జరిగింది, తప్పు జరిగితే అది ఎవరి కంట పడుతుంది అని అడగాలి.

కంపెనీ కత్తి విషయంలో ఆ నిర్ణయాలన్నీ మొదటి కత్తి తయారు కాకముందే అయిపోతాయి. ఉక్కు రకం, అలుగు (బ్లేడు) మందం, అంచు కోణం, ఫర్నేసు వేడి అన్నీ కాగితం మీద ఖరారైన తరువాత, రేకు నుంచి అలుగులను ప్రెస్సుతోనో లేజరుతోనో కోసి, పెద్ద సంఖ్యలో ఒకేసారి కాల్చి, యంత్రాల మీద సాన పట్టి బయటికి పంపుతారు. స్విట్జర్లాండులో 1884లో మొదలైన విక్టోరినాక్స్ వారి వంట కత్తుల కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 55, 56 దగ్గర ఉంటుంది. అది తక్కువేనని కత్తుల ముచ్చట ఉన్నవాళ్లు పెదవి విరుస్తారు గాని, అది తెలియక చేసిన పని కాదు. ఎముక తగిలినప్పుడు అంచు పెచ్చులూడకుండా, మొద్దుబారితే ఇంట్లో ఎవరైనా నూరుకోగలిగేలా వాళ్లు కావాలనే అక్కడ ఆపారు. అమెరికాలో బక్ కంపెనీ 1964లో తెచ్చిన 110 అనే మడత కత్తిని చాలా ఏళ్లుగా 420హెచ్‌సీ అనే మామూలు ఉక్కుతోనే చేస్తున్నారు. ఆ ఉక్కుకు అంత మంచి పేరు రావడానికి పాల్ బాస్ అనే నిపుణుడు అక్కడ కుదిర్చిన హీట్ ట్రీట్‌మెంటే, అంటే ఉక్కును కాల్చి చల్లార్చే తీరే, కారణం. కాబట్టి కంపెనీ కత్తి అనగానే చిన్నచూపు చూడకు. కొలిమి పనిలో చాలామంది ఒంటరి కమ్మరులకు అందని నిలకడ అక్కడ ఉంటుంది. అక్కడ లేనిదల్లా నీ చెయ్యి ఎలాంటిదో తెలిసిన మనిషి.

సెమీ ప్రొడక్షన్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక చిన్న షాపు కొన్ని నమూనాలను మాత్రమే పెట్టుకుని, అలుగులను బయట లేజరుతోనో నీటి ధారతోనో కోయించి, తరచుగా హీట్ ట్రీట్‌మెంట్‌నూ బయట చేయించి, సాన పట్టడం, పిడి బిగించడం, చివరి పదును పెట్టడం తమ చేతుల మీదుగా చేస్తుంది. దీన్నే ‘మిడ్‌టెక్’ అని కూడా అంటారు. ఆ మాటను వాడుకలోకి తెచ్చినవాడు కెన్ ఆనియన్ అనే కత్తుల రూపకర్త. ఫ్లోరిడాలోని ఒర్లాండోలో ఉన్న రాండాల్ షాపు ఇందులోనే మరో తీరు. అక్కడ అలుగులను సమ్మెట దెబ్బతోనే సాగదీస్తారు, పిడినీ పొడవునూ జాబితాలోంచి ఎంచుకోనిస్తారు, కాని నమూనాలకు నంబర్లుంటాయి, ఒక్కో కత్తి మీద పలువురు పనిచేస్తారు. హీట్ ట్రీట్‌మెంట్ బయట చేయించామని ఎవరైనా చెబితే వెనకాడకు, గాలి తీసేసి కాల్చే మంచి వాక్యూమ్ ఫర్నేసు ఉన్నచోట చేయించడం అంచనాతో కాల్చడం కన్నా వెయ్యి రెట్లు నయం. అయితే ఏ పని బయట జరిగిందో చెప్పకుండా, అంతా చేతిపని అంటూ కస్టమ్ ధర అడిగితే మాత్రం అక్కడితో ఆగిపో.

ఇక కస్టమ్. ఎప్పుడైనా సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళితే నూర్జహాన్‌ది అని చెప్పే పండ్ల కత్తిని నిదానంగా చూడు. ఒక మనిషి చేతికోసం, ఒక పనికోసం చేసిన వస్తువంటే అదీ. ఈ రోజుల్లో ఒక్కడే కూర్చుని చేసిన ప్రతి కత్తినీ కస్టమ్ అనేస్తున్నారు. ముందే చేసి అమ్మకానికి పెట్టినది చేతిపని కత్తి అవుతుంది గాని, నువ్వు చెప్పినట్టు చేసిన కత్తి అవదు. పోనీ ‘ఒక్కడే చేశాడు’ అన్న మాటైనా గట్టిదా అంటే, అదీ అంత తేలికగా తేలదు: ఈ విద్యలో అందరూ గురువుగా ఎంచే బాబ్ లవ్‌లెస్ కూడా చాలా ఏళ్లు జిమ్ మెరిట్ అనే సహచరుడితో కలిసే పనిచేశాడు. దాని వల్ల ఆయన కత్తుల విలువేమీ తగ్గలేదు, ఎందుకంటే ఆ సంగతిని దాచలేదు.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. పదేళ్ల కిందట ఒక తయారీదారు దగ్గర ముందే డబ్బు కట్టి, డీ2 ఉక్కుతో అని చెప్పించుకుని, ఒక కత్తి చేయించుకున్నాను. పిడి చూస్తే కళ్లు తిప్పుకోలేము. మొదటి రోజే కంద ముక్కలు కోస్తుంటే అంచు పక్కకు మడతపడింది. ఆకురాయి ఆనిస్తే వెన్నలో దిగినట్టు దిగింది. టూల్‌రూమ్‌లో రాక్‌వెల్ కొలిపిస్తే 48 వచ్చింది. ఆ డీ2నే మనం బాలానగర్‌లో హెచ్‌సీహెచ్‌సీఆర్ అంటాం. అది గట్టిపడాలంటే వేడి వెయ్యి డిగ్రీలు దాటాలి, ఆ వేడిలో తగినంతసేపు నిలవాలి. ఓహెచ్ఎన్ఎస్ అనే ఇంకో రకం ఉక్కు అయితే 800 డిగ్రీల చుట్టుపక్కల నుంచి నూనెలో ముంచితే చాలు, దాన్ని రంగు చూసి కాల్చినా ఒక మాదిరిగా నెట్టుకు రావచ్చు. ఆ పెద్దమనిషి బొగ్గుల కొలిమిలో రంగు చూసే హెచ్‌సీహెచ్‌సీఆర్‌ను కాల్చాడు. ఉక్కు పేరు అడిగాను గాని దాన్ని ఎలా కాల్చావని అడగలేదు. ఇంత అనుభవం పెట్టుకుని అడగకపోవడం నా తప్పే.

అలుగు మీద అలల్లా కనిపించే డమాస్కస్ గీతలు చూసి కూడా మోసపోకు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కుకు ఆ గీతలు లోపలి నుంచి వచ్చేవి. ఇప్పుడు అమ్ముతున్నది రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికించి సాగదీసినది. అదీ మంచి విద్యే, కాని గీతలు పదునుకు హామీ కావు.

నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. నువ్వు ఎడమచేతి వాటం వాడివి. కుడిచేతి వాళ్ల కోసం ఒక పక్కే ఎక్కువగా సాన పట్టిన అలుగైతే నీ చేతిలో ముక్క తిన్నగా తెగక పక్కకు లాగుతుంది. అంటే కస్టమ్ కత్తికి డబ్బు పెట్టడానికి న్యాయమైన కారణం మన ఇంట్లో నీ ఒక్కడికే ఉంది. అయినా నీకు కస్టమ్ అని చెప్పిన తయారీదారు నువ్వు ఏ చేత్తో కోస్తావో, అరచెయ్యి ఎంత వెడల్పో, ఎలాంటి పలక మీద కోస్తావో అడిగినట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పిడికి ఏ రంగు కావాలని మాత్రం అడిగాడట. అతనికి ఇలా రాయి: ఉక్కు ఏది, ఎక్కడ ఎంత వేడికి కాల్చి ఎంత వేడి దగ్గర టెంపరింగ్ (పెళుసు తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడిచేయడం) చేస్తారు, కాఠిన్యం ఎంత వస్తుంది, అంచు వెనక మందం ఎంత ఉంచుతారు, విరిగితే ఏం చేస్తారు. నికరంగా పనిచేసేవాడు ఈ ప్రశ్నలకు సంతోషంగా రెండు పేజీలు రాస్తాడు.

జవాబు వచ్చేదాకా అడ్వాన్సు పంపకు. ఆదివారం ఇంటికి వచ్చి నా కంపెనీ కత్తి తీసుకెళ్లి ఒక నెల రోజులు దానితోనే వంట చెయ్యి. ఎక్కడ చెయ్యి నొప్పి పెడుతోందో, ఎక్కడ అలుగు పొడవు చాలడం లేదో, ఏ కూర దగ్గర విసుగు వస్తోందో ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఆ కాగితాన్నే తరువాత తయారీదారుకు ఆర్డరుగా పంపవచ్చు. ఒకవేళ నెల తిరిగేసరికి అందులో ఏమీ లేకపోతే, నా కత్తి నువ్వే ఉంచుకో, నేను ఇంకొకటి కొనుక్కుంటాను.

శుభాశీస్సులతో,
నీ మామయ్య