అన్నకు చెప్పని కబడ్డీ

ఇందుకూరుపేట దగ్గర పల్లె నుంచి వచ్చి, నెల్లూరులో హాస్టల్లో ఉంటూ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్, ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్ కూడా. ఫస్టియర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. నాన్న లేరు. అన్న ఇంటర్ మధ్యలో మానేసి, రొయ్యల చెరువు చూసుకుంటూ చెల్లెల్ని చదివిస్తున్నాడు. "మూడింటికీ టైం చాలడం లేదు, మంచి టైమ్‌టేబుల్ చెప్పండి. కబడ్డీ సంగతీ, సబ్జెక్టులు పోయిన సంగతీ అన్నకు తెలీదు, అమ్మకు తెలుసు. అన్నకు చెప్పినా అర్థం కాదు, ఆయన ఇంటర్ కూడా పాసవలేదు" అని రాసింది.

టైమ్‌టేబుల్ సంగతి ముందే తేల్చేద్దాం తల్లీ, అందులో పెద్ద చిక్కేమీ లేదు. ఎన్ఎస్ఎస్‌కు ఏడాదికి 120 గంటలు. వారానికి రెండున్నర గంటలు కూడా పడదు. 7 రోజుల ప్రత్యేక శిబిరం అంటావా, అది సెలవుల్లో వస్తే వెళ్లు. పోయిన సబ్జెక్టులకు రోజూ పొద్దున్నే గంటన్నర కూర్చో. సప్లిమెంటరీ రాసేదాకా కొత్త బాధ్యతలేవీ నెత్తిన వేసుకోకు. హాజరు 75 శాతానికి తగ్గనివ్వకు. టోర్నమెంట్‌కు వెళ్లిన రోజులకు ఫిజికల్ డైరెక్టర్ దగ్గర లెటర్ తీసుకుని డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వు. అంతే. ఇదంతా నీకు తెలియనిది కాదు. నీ ఇబ్బంది గంటలతో కాదు, అన్నతో.

"ఇంటర్ కూడా పాసవలేదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎవరికోసం పాసవలేదమ్మా ఆ అబ్బాయి? నాన్న పోయేనాటికి నువ్వు తొమ్మిదో తరగతి. ఇద్దరిలో ఒకరే చదవగలిగే పరిస్థితి వస్తే, పుస్తకాలు పక్కన పడేసింది ఆయన. రాత్రి రెండింటికి కరెంటు పోతే జనరేటర్ వేయడానికి గట్టు మీదికి పరిగెత్తుతాడని నువ్వే రాశావు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి, అందుకా పరుగు. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి తీసి, మిగిలిన మేత వేలితో కదిపి చూసి, తర్వాతి పూటకు ఎన్ని కిలోలు వేయాలో అక్కడికక్కడే లెక్క కట్టే మనిషికి నీ రెండు సబ్జెక్టులు అర్థం కావా? 2025లో అమెరికా సుంకాల దెబ్బకు రొయ్య రేటు పడిపోయినప్పుడు కూడా ఫీజు ఒక్క రోజు ఆలస్యం కాలేదని అదే ఉత్తరంలో ఉంది. ఆ మాటా, "ఇంటర్ కూడా పాసవలేదు" అన్న మాటా పక్కపక్కన పెట్టుకుని చదువుకో.

అమ్మను ఇందులోకి ఎందుకు లాగావు? అన్న ఫోన్ చేస్తే "స్పెషల్ క్లాసులంట నాయనా" అని ఆమె చేత చెప్పిస్తున్నావు. రేపు ఏ బంధువో గ్రౌండ్‌లో నిన్ను చూసి చెప్పాడనుకో, నీ మీద కోపం నాలుగు రోజుల్లో పోతుంది. తల్లి తన దగ్గర దాచిందన్న బాధ మాత్రం ఆయనకు అంత తేలిగ్గా పోదు. కొడుకు సంపాదన మీద, కూతురి రహస్యాల మధ్య బతకాల్సిన గతి ఆమెకు పట్టించకు. ఈ మాట కటువుగానే అంటున్నాను.

అలాగని అన్న ఏమంటే దానికి తలూపమని నేను చెప్పను. నిక్కరేసుకుని ఆటలేంది, ఊళ్లో ఏమనుకుంటారు, రేపు సంబంధాలు చూడొద్దా అంటాడేమో. అంటే, కోపం లేకుండా, తల దించకుండా జవాబు చెప్పు. ఆరుగురితో కలిసి ఆడే ఆటలో తప్పేమీ లేదు. ఫీజు కట్టినవాడికి నీ మార్కులు అడిగే హక్కుంది, నీ చదువు గురించి దిగులుపడే హక్కుంది. ఒంట్లో బలం, మనసులో ఇష్టం ఉన్న పిల్లను ఆట మానెయ్యమనే హక్కు మాత్రం ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వాదన నీ నోట నిలవాలంటే ముందు మార్కుల విషయంలో నువ్వు నిజం చెప్పి ఉండాలి. దాచిపెట్టి ఆడినంత కాలం, పోయిన సబ్జెక్టులకు కబడ్డీయే కారణమని ఆయన అంటే నీ దగ్గర సమాధానం ఉండదు.

ఈ ఆదివారం ఇంటికి వెళ్లు. అమ్మ ముందు పంచాయితీ పెట్టకు. సాయంత్రం మేత వేయడం అయ్యాక నువ్వే చెరువు దగ్గరికి వెళ్లి కూర్చో. మార్కుల మెమో చేతికివ్వు. పోయిన సబ్జెక్టులు ముందు, కబడ్డీ తర్వాత. అబద్ధం అమ్మ చేత నేనే చెప్పించానని కూడా నీ నోటితోనే చెప్పు, ఆమెను ఏమీ అనొద్దని అడుగు. ఆయన కేకలేస్తే విను. ఏడ్చి మాట దాటెయ్యకు, లేచి వచ్చెయ్యకు. సప్లిమెంటరీ ఎప్పుడో, ఎలా రాయబోతున్నావో చెప్పు. మ్యాచ్ ఎప్పుడుందో చెప్పి, రమ్మని పిలువు. పంట మధ్యలో ఉంటే రాలేడు, అది మనసులో పెట్టుకోకు. రొయ్యల పట్టుబడి అయ్యాక మళ్లీ పిలువు.