అది మార్కుల మెమో కాదు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్లో నీ ఏడుపు మధ్యలో నాకు వినబడిందిది: హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో, అయిదుకి, క్యాలిక్యులస్ బీసీలో 5, కంప్యూటర్ సైన్స్‌లో 4, ఇంగ్లిష్ లాంగ్వేజ్‌లో 3, ఫిజిక్స్ 1లో 2. పక్కనుంచి మీ అమ్మ "కాలేజీ అప్లికేషన్‌లో అన్నీ రాయాల్సిందే, దాస్తే మోసం" అంటోంది.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. గుంటూరులో మేం ఇంటర్ చదివినప్పుడు మెమో ఒకటే కాగితం. సంస్కృతంలో 98 ఉన్న చోటే ఫిజిక్స్‌లో అరవైకి 24 కూడా ఉండేది. ఏది చూపించాలో మన చేతిలో లేదు. మీ అమెరికా కాలేజీలకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే కామన్ యాప్‌లో టెస్టింగ్ భాగం అలా ఉండదు. ఎన్ని ఏపీ స్కోర్లు చెప్పదలచుకున్నావని అదే అడుగుతుంది. రెండు అంటే రెండింటికే గళ్లు తెరుస్తుంది. రాయనక్కర్లేదన్నది రాయకపోతే మోసమెలా అవుతుంది? 2ని 4 చేసి రాస్తే మోసం. తర్వాత అసలు రిపోర్టు వెళ్లాక అది బయటపడితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు.

అందుకని 5, 4 రాసెయ్. 2 వదిలెయ్. ఫిజిక్స్ క్లాసూ, అందులో నీ గ్రేడూ స్కూలిచ్చే ట్రాన్‌స్క్రిప్టులో ఎలాగూ ఉంటాయి. మరి స్కోరేదీ అని చదివేవాళ్లకు అనుమానం రావచ్చు, రానీ. ఇంజనీరింగ్ అడుగుతూ ఫిజిక్స్‌లో 2 అని నీ చేత్తో నువ్వే రాసివ్వడం కన్నా అదే నయం.

3 దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మీ టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలు సాధారణంగా 3కి కూడా క్రెడిట్, అంటే ఆ సబ్జెక్టు కాలేజీలో చదివేసినట్టే లెక్క, ఇవ్వాలని చట్టమే ఉంది. అలాంటిచోట రాస్తే పోయేదేం లేదు. 5లు తెచ్చుకున్నవాళ్లే క్యూ కట్టే కాలేజీలకైతే నేను రాయను. ఒకచోటికి పంపాక, ఇంకోచోటికి పంపేముందు ఆ భాగం మార్చుకోవచ్చు కూడా. వచ్చే మేలో రాయబోయేవి ఉన్నాయిగా, వాటికీ అక్కడ చోటుంది, నెలా సంవత్సరం వేసి పెట్టు.

ఒక్కచోట మెలిక ఉంది. యేల్ యూనివర్సిటీ 2024 ఫిబ్రవరిలో, ప్రవేశ పరీక్ష అయిన ఎస్‌ఏటీకి బదులు ఏపీ స్కోర్లు ఇచ్చినా సరేనంది, కానీ ఆ దారిన వెళ్తే అప్పటిదాకా రాసినవన్నీ చెప్పాలంది. అప్పుడు నీ 2 కూడా వెళ్లాల్సిందే. ఎస్‌ఏటీ బాగా వచ్చిందిగా, దాంతోనే వెళ్లు. మిగతా కాలేజీల షరతులు కూడా వాళ్ల పేజీలోనే చదువు, స్నేహితురాళ్లు చెప్పింది కాదు.

ఇక ఈ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు పంపే అధికారిక రిపోర్టు. మా పెద్దాడి అప్పుడు నేను అతితెలివికి పోయి, అప్లికేషన్లతోపాటే తొమ్మిది కాలేజీలకు డబ్బు కట్టి పంపించాను. ఒక్కరూ అడగలేదు! చాలాచోట్ల అప్లికేషన్‌కి నువ్వు రాసింది చాలు. రిపోర్టు చేరే కాలేజీకే, అదీ సీటు వచ్చాక. పరీక్ష రాసిన ఏడాది జూన్ 20లోపు ఒక కాలేజీ పేరు ఇస్తే ఉచితంగా పంపుతారు. వచ్చే ఏడాదిది దానికే దాచుకో. ఆ ఒక్క రిపోర్టులో పాత ఏళ్లవీ కలిసి వెళ్తాయి. అవును, 2 కూడా. అప్పటికి సీటు చేతిలో ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లుండరు. డబ్బు కట్టి దాన్ని ఆపించొచ్చు కానీ దండగ. స్కోరు క్యాన్సిల్ చేయించే జోలికి మాత్రం పోకు, చేశాక మళ్లీ తిరిగి రాదు.

వీటన్నిటికన్నా నన్ను ఏడిపించింది ఇంటిపేరు. మావాడికి కాలేజ్ బోర్డులో రెండు ఖాతాలు. ఒకటి నేను నా ఈమెయిల్‌తో తెరిచింది, అందులో మన అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు పెట్టాను. ఇంకోటి వాడు స్కూల్ ఈమెయిల్‌తో తెరుచుకున్నాడు, ఇంటిపేరు చివర. స్కోర్లు చెరిసగం పడ్డాయి. కాలేజీలో చేరేముందు ఓరియెంటేషన్ రోజున అడ్వైజర్ స్క్రీన్ మావైపు తిప్పి చూపిస్తే హిస్టరీ ఉంది, క్యాలిక్యులస్ లేదు. తప్పు మాదే. రెండు ఖాతాలూ కలిపించేసరికి కావలసిన క్లాసు నిండిపోయింది, వచ్చిన క్యాలిక్యులస్‌నే వాడు మళ్లీ ఒక సెమిస్టర్ చదివాడు.

కాబట్టి ఇవాళే లాగిన్ అయి, నాలుగు స్కోర్లూ ఒకేచోట కనబడుతున్నాయో లేదో, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసి నాకు మెసేజ్ పెట్టు. ఆగస్టు 1న కామన్ యాప్ తెరుచుకుంటుంది. ఆ వారాంతం వీడియో కాల్ చెయ్, ఆ గళ్లు ఇద్దరం కలిసి నింపుదాం. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్. తన ఫిజిక్స్ మార్కులు ఎవరికీ తెలియవనుకుంటోంది.

ప్రేమతో,
మీ పెద్దమ్మ